అయిదొందలిచ్చి వేయించిన రంగు... లక్షలు పలికిన కారు!

2015 డిసెంబరు 10. న్యూయార్క్ నగరంలో ఓ వేలంపాట. పాటకి వచ్చింది 1964 నాటి పోర్షే కారు. పైకప్పు వెనక్కి మడిచేసుకునే రకం. మహా అయితే నాలుగు లక్షల నుంచి ఆరు లక్షల డాలర్ల దాకా పలుకుతుందని వేలం వేసేవాళ్ళ లెక్క. పాట మొదలైంది. ఆరు దాటింది. పది దాటింది. కొట్టేసే సుత్తి కొట్టేసరికి అన్నీ కలిపి 17 లక్షల 60 వేల డాలర్లు!

ఆ కారు ఇంజను బంగారంతో చేసింది కాదు. చక్రాలకి వజ్రాలు పొదగలేదు. అలాంటి కార్లు ఆ కంపెనీ వేలకొద్దీ చేసింది. మరి ఇంత గిరాకీ దేనికి?

రంగుకి! పూలు, సీతాకోకచిలుకలు, పుర్రెలు, కొండలు, లోయలు, రాశిచక్రం గుర్తులు... నఖశిఖపర్యంతం బొమ్మలే! ఆ బొమ్మలు మొదటిసారి వేసినవాడికి ముట్టిన సొమ్ము ఎంతో తెలుసా? అక్షరాలా అయిదు వందల డాలర్లు!

పాడితే ఊరు అదిరేది!

ఆ కారు యజమానురాలు జానిస్ జోప్లిన్. మన పాఠకుల్లో పాశ్చాత్య సంగీతం వినేవాళ్ళకి ఆమెని పరిచయం చెయ్యక్కర్లేదు. విననివాళ్ళ కోసం రెండు ముక్కలు. 1943 జనవరి 19న టెక్సాస్ రాష్ట్రంలో పోర్ట్ ఆర్థర్ అనే ఊళ్ళో పుట్టింది. శాన్‌ఫ్రాన్సిస్కో చేరి 'బిగ్ బ్రదర్ అండ్ ది హోల్డింగ్ కంపెనీ' అనే బృందంలో పాడింది. 1967 జూన్‌లో మాంటెరీలో జరిగిన సంగీతోత్సవంలో ఆమె గొంతు విప్పేసరికి జనం నోరు తెరిచారు. ఆ ఉత్సవాన్ని పెన్నిబేకర్ సినిమాగా తీశాడు. అందులో ఆమె పాట చూసినవాళ్ళు ఇవాళ్టికీ మర్చిపోరు. 1979లో బెట్ మిడ్లర్ కథానాయికగా వచ్చిన 'ది రోజ్' సినిమాకి కూడా ఈమె జీవితమే ప్రేరణ.

పేరు వచ్చింది. పేరు వెనకే డబ్బు వచ్చింది. 1968లో మూడు వేల అయిదు వందల డాలర్లు పెట్టి సెకండ్ హాండ్ పోర్షే కొనుక్కుంది. శుభ్రంగా తెల్లరంగులో ఉన్న కారు. ఇంకొకళ్ళయితే అద్దంలా తుడుచుకుని మురిసిపోయేవాళ్ళు. జానిస్‌కి మాత్రం అది నచ్చలేదు. అంత మామూలుగా ఉంటే అది తన కారెలా అవుతుంది?

అందుకని ఏ పెద్ద కంపెనీకీ పంపలేదు. పేరున్న ఆర్టిస్టు కోసమూ వెతకలేదు. తమ బృందంలో వాయిద్యాలూ సామానూ మోసి, సర్ది, వేదిక సిద్ధం చేసే డేవ్ రిచర్డ్స్ చేతికి అయిదొందల డాలర్లిచ్చి, నీ ఇష్టమొచ్చినట్టు వెయ్యి అంది!

కారు మీద విశ్వరూపం!

రిచర్డ్స్ ముందు కారంతా ఎర్రటి పూత వేశాడు. దాని మీద బొమ్మలు మొదలెట్టాడు. ఆ బొమ్మలన్నిటికీ కలిపి పెట్టుకున్న పేరు 'విశ్వచరిత్ర'! పేరుకి తగ్గట్టే ఉంది పని. ఒకచోట దేవుడి కన్ను. ఒకచోట కాలిఫోర్నియా కొండలు. ఒకచోట ఆమె జన్మరాశి మకరం. ముందు చక్రం పైన రేకు మీద జానిస్, ఆమె బృందంలోని కుర్రాళ్ళు. అంగుళం ఖాళీ ఉంటే ఒట్టు!

ఇక ఆ కారెక్కి ఆమె బయల్దేరితే ఊరంతటికీ తెలిసిపోయేది. ఎక్కడన్నా ఆపి లోపలికెళ్ళి తిరిగొచ్చేసరికి వైపర్ కింద అభిమానుల చీటీ ఒకటన్నా ఉండేదట. మన ఊళ్ళో హీరోగారి కారు కనపడితే ఏం జరుగుతుందో మనకి తెలీదా!

అన్నట్టు చిన్న గమ్మత్తు. ఆమె పాటల్లో ఇప్పటికీ మోగుతున్నది 'మెర్సిడెస్ బెంజ్'. నాకో బెంజి కారు ఇప్పించు స్వామీ అని దేవుణ్ణి అడుగుతూ వేళాకోళంగా పాడిన పాట. స్నేహితులందరికీ పోర్షేలున్నాయని అందులో ఏడుపు! అసలు పోర్షే ఉన్నది ఆవిడకే!

దొంగ చేసిన పని

1969లో ఓ రాత్రి ఆమె పాట కచేరీలో ఉండగా కారు మాయమైంది. ఆ కారు తోలుకుపోయినవాడి అవస్థ మనం ఊహించుకోవచ్చు. ఊళ్ళో అందరికీ తెలిసిన కారాయె, ఎక్కడ దాస్తాడు? అందుకని పైన బూడిదరంగు స్ప్రే కొట్టేశాడు. అయినా దొరికిపోయాడు.

కారు దొరికింది. బొమ్మలు పోయాయా? పోలేదు! ఎందుకంటే రిచర్డ్స్ బొమ్మలన్నీ అయ్యాక పైన ఒక పారదర్శకమైన వార్నిష్ పూత వేసి ఉంచాడు. దొంగవేసిన బూడిదరంగు ఆ పూత మీద పడిందే గాని బొమ్మల దాకా దిగలేదు. జాగ్రత్తగా పై రంగు తీసేసి, దెబ్బతిన్నచోట మళ్ళీ దిద్దుకున్నాడు.

చూశారా, కంటికి కనపడని ఆ పూతే కంటికి కనపడే బొమ్మలన్నిటినీ కాపాడింది! కారు రంగులో అసలు రహస్యం అదే. బొమ్మ ఎవరైనా వేస్తారు. ఎండ, వాన, దుమ్ము, పెట్రోలు చుక్కలు, పిట్ట రెట్టలు... వీటన్నిటికీ తట్టుకుని నిలిచేట్టు చెయ్యటంలోనే ఉంది పనితనం.

సినిమా రీలు, గోళ్ళ రంగు, కారు రంగు... ఒక్క తల్లి పిల్లలే!

ఇక్కడ సినిమా ప్రియులకి ఒక ముచ్చట చెప్పాలి. మన మెకానిక్కులు ఇప్పటికీ కారుకి 'డూకో' కొట్టించారా అంటారు. ఆ మాట ఎక్కడిది? అమెరికాలో డ్యూపాంట్ కంపెనీ పెట్టిన పేరది.

మోటారు కార్లు వచ్చిన కొత్తలో వాటికి రంగు బ్రష్షులతోనే వేసేవాళ్ళు, గుర్రబ్బండికి వేసినట్టే. పూత మీద పూత, ఆరబెట్టటం, రుద్దటం, మళ్ళీ పూత... ఒక్కో కారుకి వారాల తరబడి పట్టేది. కార్లు తయారయ్యేది రోజుల్లో, రంగు ఆరేది వారాల్లో! ఫోర్డు కంపెనీ 1914 నుంచి 1925 దాకా మోడల్-టి కార్లన్నిటికీ ఒక్క నల్లరంగే వేసి ఊరుకుంది.

ఈ బాధ తీర్చింది ఎవరనుకున్నారు? సినిమా రీలు! ఆ రోజుల్లో రీలు తయారయ్యేది నైట్రోసెల్యులోజ్‌తో. 1920 వేసవిలో న్యూజెర్సీలోని పార్లిన్ అనే చోట డ్యూపాంట్ వాళ్ళ ప్రయోగశాలలో ఆ రీలు పదార్థం మీద పనిచేస్తుండగా, ఒక పీపాలో పదార్థం కొన్నాళ్ళు అలా ఉండిపోయి, గట్టిగా ఉండాల్సింది కాస్తా పల్చటి పాకంలా మారింది. పల్చగా ఉంది గనక రంగుపొడి ఎక్కువ కలుస్తుంది, స్ప్రే చెయ్యొచ్చు, గబగబా ఆరిపోతుంది! అదే డూకోకి మూలం. 1923లో ఓక్లాండ్ అనే కార్లకి నీలంరంగుతో మొదలెట్టారు. వారాల పని రోజుల్లోకి దిగింది.

అదే నైట్రోసెల్యులోజ్ ఆడవాళ్ళ గోళ్ళ రంగులోకీ వచ్చింది. అంటే తెరమీది బొమ్మ, తార గోటి మీది రంగు, ఆమె దిగిన కారు మీది మెరుపు... మూడూ అక్కచెల్లెళ్ళన్నమాట!

ఈ చుట్టరికాన్ని చేతల్లో చూపించింది బీటిల్స్ బృందంలోని జార్జ్ హారిసన్. 1967లో తన గిటారుకి తనే ఇంట్లో కూర్చుని రంగు వేసుకున్నాడు. మంటలా మెరిసిపోయే డే-గ్లో రంగులు ఒకపక్క. పైభాగానికేమో భార్య పాటీ బాయ్డ్ గోళ్ళ రంగు! ఆ ఏడాది జూన్ 25న ఎన్నో దేశాలకి ఒకేసారి ప్రసారమైన టి.వి. కార్యక్రమంలో ఆ గిటారే అతని చేతిలో ఉంది. హారిసన్ బుల్లి 'మినీ' కారు కూడా ఆ రోజుల్లో ఒళ్ళంతా తాంత్రిక చిత్రాలు తొడుక్కుంది.

పెరట్లో బస్సు!

ఇంటి దగ్గర రంగు వేసుకున్నవాళ్ళలో మొనగాడు రచయిత కెన్ కెసీ. 1975లో వచ్చి అయిదు ప్రధాన ఆస్కార్లు కొట్టేసిన 'వన్ ఫ్లూ ఓవర్ ది కుక్కూస్ నెస్ట్' సినిమాకి మూలమైన నవల రాసింది ఆయనే. 1964లో ఆయనా, ఆయన మిత్రబృందమూ కలిసి 1939 నాటి పాత స్కూలు బస్సొకటి సంపాదించారు. కాలిఫోర్నియాలో లా హోండా అనే చోట కెసీ ఇంటి ముంగిట్లో నిలబెట్టి, తలా ఒక బ్రష్షూ తీసుకుని మీద పడ్డారు. ఒకళ్ళు వేసిన బొమ్మ మీద ఇంకొకళ్ళు. ప్లాను లేదు, డిజైను లేదు. నుదుటిమీద ఊరిపేరు రాసే పలక మీద 'ఇంకా ముందుకి' అని అర్థం వచ్చే ఇంగ్లీషు మాట రాశారు. అదీ అక్షరం తప్పుతో!

ఆ బస్సులో దేశం ఈ చివర నుంచి ఆ చివరికి, న్యూయార్క్ దాకా వెళ్ళారు. దారిపొడుగునా సినిమా తీశారు. అయితే ఆ ఫిలిం ఎడిటింగు వాళ్ళ వల్ల కాలేదు! దశాబ్దాల తర్వాత 2011లో 'మ్యాజిక్ ట్రిప్' పేరుతో ఆ రీళ్ళు తెరకెక్కాయి. కెసీ అప్పటికి పదేళ్ళ కిందటే కన్నుమూశాడు.

వాళ్ళు వాడిన డే-గ్లో రంగులకీ ఓ కథ ఉంది. 1930లలో కాలిఫోర్నియాలో స్విట్జర్ సోదరులు కనిపెట్టినవి అవి. తమ్ముడికి గారడీ పిచ్చి. చీకటి వేదిక మీద ప్రేక్షకుల్ని మాయచెయ్యటానికి పనికొస్తాయని మొదలెట్టారు. కంటికి కనపడని అతినీలలోహిత కాంతిని పట్టి, కనపడే వెలుగుగా మార్చి వదుల్తుందా రంగు. అందుకే అంత మంటలా కొడుతుంది. కాని ఎండలో పెడితే ఆ ఆర్భాటం తొందరగా ఆరిపోతుంది. కెసీ బస్సుకి ఎన్నిసార్లు రంగులు వేశారో లెక్కలేదు.

గొడుగు దెబ్బలు తిన్న రోల్స్‌రాయిస్

హారిసన్ గిటారుకి రంగు వేస్తే జాన్ లెనన్ ఊరుకుంటాడా? 1965లో కొన్న నల్లటి రోల్స్‌రాయిస్ ఫాంటమ్-5 కారుని 1967లో చెర్ట్‌సీ అనే ఊళ్ళో బండ్లకి రంగులేసే కంపెనీకి పంపాడు. ఒళ్ళంతా పసుపు. పసుపు మీద పూలతీగెలు. నెత్తిన రాశి గుర్తు. అచ్చం మన పెళ్ళిపీటల ముగ్గులా తయారైంది! ఖర్చు రెండు వేల పౌన్లు.

ఆ కారు లండన్ వీధిలోకొస్తే ఒక పెద్దావిడ, 'రోల్స్‌రాయిస్‌కి ఇంత అప్రతిష్ఠా!' అంటూ గొడుగు పెట్టి బాదిందని చెప్పుకుంటారు. పాపం ఆమెకేం తెలుసు, 1985లో అదే కారు వేలంలో 22 లక్షల 99 వేల డాలర్లు పలుకుతుందని!

చేతిపని వేగం చూడాలంటే ఆండీ వార్హోల్‌ని చూడాలి. ఆర్టిస్టుగానే కాదు, వింత సినిమాలు తీసినవాడిగానూ ఆయన పేరు ఇక్కడ చెప్పుకోవాలి. 1979లో బి.ఎం.డబ్ల్యు. కంపెనీ రేసు కారు ఇచ్చి బొమ్మలెయ్యమంది. పెద్ద బ్రష్షులు తీసుకుని, మధ్యలో వేళ్ళతో గీతలు లాగి, ఆరు కిలోల రంగు 28 నిమిషాల్లో పూసిపారేశాడు! ఆ కారు అదే ఏడాది లెమాన్స్ రేసులో పరుగెత్తి ఆరో స్థానంలో నిలిచింది.

కెమెరాకి నచ్చాలి కదా!

జనానికి నచ్చిన రంగు కెమెరాకి నచ్చకపోవచ్చు. 1955లో ఇటలీలోని ట్యూరిన్‌లో చేయించిన 'ఫ్యూచురా' అనే కారుకి ముత్యంలాంటి మెరుపు రావటం కోసం చేపపొలుసుల పొడి కలిపిన రంగు వేశారు. అవును, చేపపొలుసులే! ఆ కారు 1959లో ఒక హాలీవుడ్ సినిమాలో వేషం కట్టాల్సివచ్చింది. ఆ ముత్యపు రంగు తెరమీద సరిగా రావట్లేదని ఎర్రరంగు కొట్టేశారు. తర్వాత జార్జ్ బారిస్ అనే కార్ల శిల్పి దాన్ని నామమాత్రంగా ఒక్క డాలరుకి తీసుకున్నాడు. నల్లరంగు వేసి, రూపం మార్చేసరికి 1966లో టి.వి. బాట్‌మన్ గారి 'బాట్‌మొబైల్' అయి కూర్చుంది! 2013 వేలంలో దాని పాట 42 లక్షల డాలర్లు.

స్పీల్‌బర్గ్ 1971లో తీసిన 'డ్యుయల్' చూసినవాళ్ళకి ఆ ఎర్రకారు గుర్తుండే ఉంటుంది. ఎడారి నేపథ్యంలో కారు కంటికి కొట్టొచ్చినట్టు ఉండాలని ఆయన ఏరి కోరి పెట్టుకున్న ఎరుపది. కళ్ళున్న కారు 'హెర్బీ' లోపలిభాగానికి బూడిదరంగు వేశారు, స్టూడియో దీపాలు తళుక్కుమని కెమెరాలో పడకుండా. తెరమీద రంగు కూడా ఒక పాత్రే!

అసలు రంగేమైంది?

మళ్ళీ జానిస్ దగ్గరికొద్దాం. 1970 అక్టోబరు 4. పాటల రికార్డింగుకి రావాల్సిన మనిషి రాలేదు. వెతుక్కుంటూ వెళ్ళిన ఆమె మేనేజరు జాన్ కుక్‌కి హాలీవుడ్‌లోని హోటల్ ముందు బొమ్మల కారు కనిపించింది. కారు ఉందంటే మనిషి లోపలే ఉన్నట్టు. ఉంది... ప్రాణం లేదు. వయసు ఇరవయ్యేడు.

కారు కొన్నాళ్ళు ఆమె వ్యవహారాలు చూసిన ఆల్బర్ట్ గ్రాస్‌మన్ దగ్గరుంది. ఆయన ఇంటికొచ్చిన అతిథులంతా దాన్ని తిప్పారు. తర్వాత చెల్లెలు లారా, తమ్ముడు మైకేల్ చేతికొచ్చింది. అప్పటికి బొమ్మలు పెచ్చులూడిపోతున్నాయి. దొంగ రంగు నుంచి కాపాడిన పూత కూడా ఎండావానల్ని ఎన్నాళ్ళు ఆపుతుంది! చూడలేక, కారు ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పటి బూడిదరంగు మళ్ళీ వేయించేశారు. అంటే దొంగ చెయ్యాలనుకున్న పని చివరికి ఇంట్లోవాళ్ళే, అదీ ప్రేమతోనే, చెయ్యాల్సి వచ్చింది!

1990లలో గాని ఆ కుటుంబానికి మనసు మారలేదు. డెన్వర్ నగరపు నాటకరంగానికి చెందిన జానా మిచెల్, ఆంబర్ ఓవెన్ అనే ఇద్దరు కళాకారిణుల్ని పిలిచి, పాత ఫోటోలు ముందు పెట్టి, ఆ బొమ్మలన్నీ మళ్ళీ వేయించారు. 1995 నుంచి ఇరవయ్యేళ్ళు క్లీవ్‌లాండ్‌లోని రాక్ సంగీతపు మ్యూజియంలో జనం చూసింది ఆ రెండో రంగునే. పదిహేడు లక్షలు పలికిందీ దానికే. డేవ్ రిచర్డ్స్ చేతిపని లోకంలో లేదు. ఫోటోలున్నాయి గనక దాని నీడ మిగిలింది.

మన సంగతేమిటి?

ఇది చదివి, ఎక్కడో అమెరికాలో కారు రంగు పోతే మనకెందుకయ్యా అనకండి. ఒకప్పుడు సినిమా హాలు ముందు నలభై అడుగుల ఎత్తున నిలబడ్డ కటౌట్లూ, చేత్తో వేసిన బానర్లూ ఎక్కడున్నాయి? సినిమా మారగానే అదే గుడ్డ మీద కొత్త హీరో బొమ్మ. పాత బొమ్మ కింద సమాధి! తర్వాత ఫ్లెక్సీలొచ్చి బ్రష్షు పట్టినవాళ్ళ చేతులు ఖాళీ చేశాయి. ఆ బానర్లకి ఫోటో తీసి దాచుకున్నవాళ్ళెందరు? బెజవాడ ఆటోనగర్‌లో లారీల వెనక నెమళ్ళూ తామరపూలూ గీసిన చేతులకి సంతకం చేసే అలవాటే లేదు.

వింత రంగులకి మనమేం తీసిపోలేదు. 2019 మేలో అహమ్మదాబాద్‌లో ఒకావిడ ఎండకి తాళలేక కారుకి చుట్టూ ఆవుపేడ అలికించేసింది! లోపల చల్లగా ఉంటుందని. మన అమ్మమ్మలు గోడలకీ అరుగులకీ చేసిన పనే. మట్టిగోడకి మంచిదే గాని రేకుకి తడి తగిలితే తుప్పు తప్పదు, వానాకాలం వస్తే అలుకూ మిగలదు. 2021లో ఖాదీ గ్రామోద్యోగ సంస్థ వాళ్ళు పేడతో చేసిన రంగుని బజార్లోకి తెచ్చారు. అదీ గోడలకే.

మీకూ సరదా పుట్టిందా? అయితే నాలుగు మాటలు వినండి. మెరుగు మైనం పూర్తిగా పోయేట్టు కడగాలి. ఎమరీ కాగితంతో నీళ్ళు పోస్తూ రుద్దాలి. ప్రైమరు వెయ్యకుండా రంగు వేస్తే ఇసకమీద ముగ్గే. ఒకేసారి మందంగా పూసే కన్నా పల్చగా నాలుగు పూతలు మేలు. గేటుకి వేసే ఎనామెల్ మీద టిన్నరుతో కలిపే ఎన్.సి. రంగు వేశారో, పాలమీద మీగడలా ముడతలు పడుతుంది. ముక్కుకి తగిన మాస్కు పెట్టుకోవాలి, పొయ్యికి దూరంగా ఉండాలి. అన్నీ అయ్యాక ఆ పారదర్శకపు పూత మాత్రం మర్చిపోవద్దు! ఇంకొక్కటి... ఆర్.సి. పుస్తకంలో కారు రంగు రాసి ఉంటుంది. మొత్తం మార్చేస్తే రవాణాశాఖ వాళ్ళకి చెప్పి అందులోనూ మార్పించుకోవాలి. సైన్యంవారి ముదురాకుపచ్చ మాత్రం మనకి నిషిద్ధం.

చివరగా అన్నిటికన్నా ముఖ్యమైంది. రంగు ఆరగానే నాలుగువైపులా ఫోటోలు తీసి దాచండి. వేసినవాడి పేరు ఓ మూల రాయించండి. కంపెనీ రంగు పోతే కంపెనీ మళ్ళీ వేస్తుంది. చేతిరంగు పోతే, ఆ చెయ్యి మళ్ళీ ఎక్కణ్ణుంచి తెస్తాం?